సగటు 35 శాతమే, అయినా శబ్దం ఎందుకు తెగుతోంది? ఇండీ వర్క్‌స్టేషన్ మీద తంబుర

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. మీ దగ్గర సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్ల ఇండీ ఉంది. ఆర్4600 ప్రాసెసర్, 133 మెగాహెర్ట్జ్, 64 మెగాబైట్ల మెమరీ, సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్ల యూనిక్స్ అయిన ఐరిక్స్ 5.3. దాని మీద సీ భాషలో నాలుగు తీగల తంబుర ప్రోగ్రాం సొంతంగా రాశారు. సీపీయూ వాడకం 35 శాతం దాటడం లేదు. అయినా ఉండుండి టిక్కుమంటూ శబ్దం తెగుతోంది, విండోను పక్కకు లాగితే ఇంకా తెగుతోంది. ఇది కాక ఇంకో వింత ఉంది. ఒక తీగను మీటకుండా వదిలేసి మిగతా మూడూ మోగిస్తుంటే, రెండు నిమిషాలు గడిచాక మొత్తం గరగరలాడిపోతోంది. ఆ వదిలేసిన తీగను మళ్లీ మీటగానే సర్దుకుంటోంది. ప్రాసెసర్ కార్డు పాడైందా, వేరేది వెతకాలా అని అడిగారు.

కార్డు బాగానే ఉంది, కొత్తది కొనకండి. మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. రెంటికీ మందు మీ ప్రోగ్రాంలోనే ఉంది. 1990ల మధ్యలో అమెరికాలో చదువుకునేటప్పుడు మా విశ్వవిద్యాలయం సంగీత ప్రయోగశాలలో ఇలాంటి మెషీన్లను చూసుకునే పని నాది. ఇండిగోలు (ఇండీకి ముందు వచ్చినవి), ఇండీలు, నెక్స్ట్ అనే కంపెనీ మెషీన్లు రెండు ఉండేవి. ఈ రెండు జబ్బులతోనూ చాలా రాత్రులు గడిపాను కాబట్టి వివరంగానే రాస్తాను.

మొదట ఆ 35 శాతం సంగతి. సెకనుకు 44,100 శాంపిళ్లు, అంటే శబ్ద తరంగం ఎత్తును చెప్పే సంఖ్యలు, కావాలి. 133 మెగాహెర్ట్జ్‌ను దాంతో భాగిస్తే ఒక్కో శాంపిల్‌కు దాదాపు 3,015 సైకిళ్లు (ప్రాసెసర్ క్లాకు అడుగులు) దొరుకుతాయి. అందులో మూడో వంతే వాడుతున్నారు, బాగానే ఉంది. కానీ అది సగటు. చెవికి సగటుతో పనిలేదు. ఒక నిమిషంలో 26 లక్షల పైచిలుకు శాంపిళ్లు సమయానికి అంది, ఒక్క 5 మిల్లీసెకన్లు మాత్రం అందకపోయినా ఆ టిక్కు వినిపించి తీరుతుంది. కాబట్టి ‘నా ప్రోగ్రాం ఎంత వేగంగా నడుస్తోంది’ అని అడగడం మానేసి, ‘అది అతి ఎక్కువసేపు ఆగిపోయేది ఎప్పుడు, ఎంతసేపు’ అని అడగండి. రియల్ టైం అన్న మాటకు అసలు అర్థం అదే. మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

హార్మోనియం వాయించినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బయటి తిత్తిని చేత్తో కొడుతుంటాం. లోపల స్ప్రింగులు బిగించిన ఇంకో తిత్తి ఉండి గాలిని నిలవ ఉంచుతుంది. చెయ్యి ఒక క్షణం ఆగినా లోపలి తిత్తిలో గాలి ఉన్నంతసేపు స్వరం ఆగదు. మీ ప్రోగ్రాం బయట కొట్టే చెయ్యి. ఐరిక్స్ ఆడియో లైబ్రరీలోని క్యూ, అంటే మోగేముందు శాంపిళ్లు వరుసలో ఆగే చోటు, లోపలి తిత్తి. మీ చెయ్యి సగటున చాలా బలంగా కొడుతోంది, అనుమానం లేదు. కానీ మధ్యమధ్యలో ఎవరో వచ్చి ఆ చేతిని పట్టుకుంటున్నారు, అదే సమయానికి లోపలి తిత్తి ఖాళీ అవుతోంది.

ఆ పట్టుకునేది ఎవరో చూద్దాం. ఏ ప్రోగ్రాంకు ఎప్పుడు సీపీయూ ఇవ్వాలో తేల్చే యూనిక్స్ షెడ్యూలర్‌ను పదిమంది ఒకే మెషీన్ పంచుకునే రోజుల్లో తయారుచేశారు. అందుకే దాని న్యాయం ఒక రకంగా ఉంటుంది: సీపీయూను ఎక్కువగా తినే ప్రోగ్రాం ప్రాధాన్యం కొద్దికొద్దిగా తగ్గిస్తుంది, కీబోర్డు కోసమో మౌస్ కోసమో ఎదురుచూసే ప్రోగ్రాంకు పెంచుతుంది. మామూలు పనులకు ఇది మంచి పద్ధతే. కానీ సంగీతం లెక్కగట్టే ప్రోగ్రాం దాని కళ్లకు తిండిపోతులా కనిపిస్తుంది. మీరు విండోను లాగినప్పుడు, తెర మీద విండోలు గీసే ఎక్స్ సర్వర్ లేచి కూర్చుంటుంది, మీ తంబుర వెనక్కి పోతుంది. సీపీయూ 65 శాతం ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తున్నా, మీకు కావలసిన ఆ 10 మిల్లీసెకన్లు వేరేవాళ్ల చేతిలో ఉంటాయి.

రెండో దొంగ డిస్కు. మీ ప్రోగ్రాంలో కాసేపు వాడని భాగాన్ని ఐరిక్స్ మెమరీలోంచి తీసేయవచ్చు. మళ్లీ కావలసి వచ్చినప్పుడు డిస్కు నుంచి తేవాలి. ఆ కాలపు డిస్కుల మీద తల జరిగి, పళ్లెం తిరిగి, ఆ ముక్క దొరకడానికి 10, 15 మిల్లీసెకన్లు మామూలుగా పడుతుంది. 10 మిల్లీసెకన్లంటే 441 శాంపిళ్లు.

దీనికి మందు ఐరిక్స్‌లోనే ఉంది. స్కెడ్‌సీటీఎల్ అనే సిస్టమ్ కాల్‌తో మీ ప్రోగ్రాంకు తగ్గని ప్రాధాన్యం ఇవ్వవచ్చు. కోడ్ మార్చకుండా ముందు పరీక్షించాలంటే ఎన్‌ప్రి అనే కమాండ్‌కు హైఫన్ హెచ్ ఇచ్చి, సంఖ్య పెట్టి, దాని ద్వారా ప్రోగ్రాంను నడపండి. ఈ శ్రేణి 30 నుంచి 39 వరకు ఉంటుంది. సంఖ్య చిన్నదయ్యేకొద్దీ ప్రాధాన్యం పెద్దది. 39తో మొదలుపెట్టండి, చాలావరకు అదే సరిపోతుంది. ప్రోగ్రాంను మెమరీలోంచి తీసేయకుండా బిగించడానికి ప్లాక్ అనే కాల్ ఉంది, ప్రోగ్రాం మొదలైన వెంటనే, పట్టికలన్నీ నింపాక ఒక్కసారి పిలిస్తే చాలు. రెండింటికీ రూట్ (మెషీన్ నిర్వాహకుడి) అనుమతి కావాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. నేను మొదటిసారి 30 ఇచ్చి నడిపిన ప్రోగ్రాంలో ఒక లూప్ ఆగకుండా తిరిగే తప్పు ఉంది. తగ్గని ప్రాధాన్యంలో ఉన్న ప్రోగ్రాం అలా తిరగడం మొదలుపెడితే కమాండ్లు తీసుకునే షెల్‌కు కూడా వంతు రాదు. కంట్రోల్ సీ కొట్టినా వినేవాళ్లుండరు. మెషీన్ మొత్తం కొయ్యబారిపోయింది. పవర్ తీసేయక తప్పలేదు. అదే మెషీన్ మీద ఇంకో విభాగం విద్యార్థి ముందు రోజు రాత్రి నుంచి నెట్‌వర్క్ ద్వారా యానిమేషన్ ఫ్రేములు తయారుచేసుకుంటున్నాడని నాకు తెలియదు. అతని పని పోయింది. ఆ వారమంతా అతని పక్కన కూర్చుని మళ్లీ చేయించాను గానీ, ఆ ఉదయం అతని ముఖం ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచి నా పద్ధతి ఇదీ: ప్రయోగం చేసేముందు వేరే మెషీన్ నుంచి లాగిన్ అయ్యి, ఒక షెల్‌ను నా ప్రోగ్రాం కంటే ఎక్కువ ప్రాధాన్యంతో తెరిచి ఉంచుతాను. ప్రోగ్రాంలోనే ఒక లెక్క కూడా పెడతాను. ఒక సెకను శబ్దాన్ని లెక్కగట్టడానికి ఒక సెకను కంటే ఎక్కువ పడుతోందని తేలితే అదే తన ప్రాధాన్యం వదిలేసుకుంటుంది.

ఇప్పుడు లోపలి తిత్తి ఎంత పెద్దదుండాలి? క్యూ సైజును ఆడియో పోర్టు (శబ్దం బయటికి పోయే దారి) తెరవక ముందే కాన్ఫిగ్‌లో చెప్పాలి, తెరిచాక మార్చలేరు. ఐరిక్స్ 5.3లోని పాత ఆడియో లైబ్రరీ ఈ సైజును శాంపిళ్లలో లెక్కపెడుతుంది. స్టీరియో అయితే ఎడమకొకటి, కుడికొకటి కాబట్టి 2,048 ఇస్తే నిజంగా దొరికేది 1,024 శాంపిళ్ల కాలమే. చాలామంది ఇక్కడ పొరబడి, తాము అనుకున్నదాంట్లో సగం తిత్తితో తంటాలు పడుతుంటారు. మీ కోడ్‌లో ఇది ఒకసారి చూసుకోండి.

44,100 వేగంలో 512 శాంపిళ్లంటే 11.6 మిల్లీసెకన్లు, 1,024 అంటే 23.2, 4,096 అంటే 92.9. తిత్తి పెద్దదైతే తెగడం తగ్గుతుంది, కానీ మీరు మీట నొక్కిన తర్వాత శబ్దం వచ్చేసరికి అంత ఆలస్యమవుతుంది. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. మీరు చేస్తున్నది తంబుర. శ్రుతి మారిస్తే పదో వంతు సెకను ఆలస్యంగా మారినా పాడేవాళ్లకు తేడా తెలియదు. ఎవరూ తంబురతో లయ వాయించరు. 4,096 పెట్టుకుని హాయిగా ఉండండి. తక్కువ ఆలస్యం సాధించడం గొప్ప అన్న పట్టుదలతో అవసరం లేనిచోట 256 పెట్టుకుని బాధపడినవాళ్లను చాలామందిని చూశాను. రేపు మీరు మిడి కీబోర్డు తగిలించి స్వరాలు వాయించాలనుకుంటే అప్పుడు 10 మిల్లీసెకన్ల దగ్గరికి తేవాలి. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు దాదాపు 34 సెంటీమీటర్లు పోతుంది. 10 మిల్లీసెకన్లంటే మూడున్నర మీటర్ల దూరం, వేదిక మీద ఆ చివర కూర్చున్న మృదంగం వినిపించినట్టు. అది తట్టుకోగలం. 50 దాటితే వేళ్లు తడబడతాయి.

మీరు ‘ఆ కాలంవాళ్లు ఇంత చిన్న మెషీన్ల మీద ఎలా చేశారు’ అని కూడా అడిగారు. అది తెలిస్తే మీ కోడ్ ఎలా రాయాలో కూడా తెలుస్తుంది. 1957లో బెల్ ల్యాబ్స్‌లో మ్యాక్స్ మాథ్యూస్ కంప్యూటర్‌తో మొదటిసారి సంగీతం లెక్కగట్టించినప్పుడు వచ్చినది 17 సెకన్ల రచన. న్యూయార్క్‌లో ఐబీఎం 704 మీద లెక్క చేయించి, ఆ టేపును న్యూజెర్సీలోని ల్యాబ్‌కు తెచ్చి, అక్కడ శబ్దంగా మార్చుకునేవారు. ఆ తర్వాత చాలా ఏళ్లు పద్ధతి అదే: స్వరం రాసి, కంప్యూటర్‌కు ఇచ్చి, గంటల తర్వాత వినడం. ఎంఐటీలో బ్యారీ వెర్కో రాసిన మ్యూజిక్ 11, 1986లో వచ్చిన సీసౌండ్ కూడా మొదట అలా నడిచినవే. కానీ వెర్కో తెచ్చిన ఒక ఆలోచన మీకు నేరుగా పనికొస్తుంది. ప్రతి విషయాన్నీ ప్రతి శాంపిల్‌కూ లెక్కపెట్టనక్కర్లేదు. శబ్ద తరంగం వేగంగా మారుతుంది గానీ దాని బిగ్గరతనం, శ్రుతి నెమ్మదిగా మారతాయి. నెమ్మదిగా మారేవాటిని కొన్ని శాంపిళ్లకు ఒకసారి లెక్కగడితే చాలు.

మిల్లర్ పకెట్ దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో నెక్స్ట్ మెషీన్‌లో ఇంటెల్ ఐ860 చిప్పులున్న బోర్డులు పెట్టారు, ఒక్కో బోర్డు మీద రెండేసి. ఆ బోర్డుల మీద ఆయన రాసిన మ్యాక్స్ అనే సంగీత సాఫ్ట్‌వేర్ నడిచేది. ఆ పేరు మాథ్యూస్ మీద గౌరవంతో పెట్టిందే. 1996లో ఆయనే రాసిన ప్యూర్ డేటా అనే సంగీత సాఫ్ట్‌వేర్ మొదట్లో నడిచింది మీ దగ్గరున్న జాతి మెషీన్ల మీదే. ప్యూర్ డేటాలో శబ్దం 64 శాంపిళ్ల దిమ్మెలుగా పోతుంది. ఒక ఆసిలేటర్ (తరంగం పుట్టించే భాగం) 64 లెక్కగట్టి పక్కకు జరుగుతుంది, తర్వాత ఫిల్టర్ ఆ 64 మీద పని చేస్తుంది. ఇలా చేస్తే ఫంక్షన్‌ను పిలిచే ఖర్చు 64 మీద పంచుకున్నట్టవుతుంది, లోపలి లూప్‌లోని విలువలు ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లలోనే ఉంటాయి. 44,100 వేగంలో 64 శాంపిళ్లంటే 1.45 మిల్లీసెకన్లు. చెవికి తెలియనంత చిన్నది, ప్రాసెసర్‌కు పని ఆదా చేసేటంత పెద్దది. నా దృష్టిలో సాఫ్ట్‌వేర్‌తో రియల్ టైం సంగీతాన్ని సాధ్యం చేసిన నిర్ణయాల్లో దీనికి సాటి వచ్చేది లేదు. మీరు ఒక్కో శాంపిల్‌కు ఒక్కో తీగ ఫంక్షన్‌ను పిలుస్తున్నట్టు రాశారు. దాన్ని 64కు మార్చండి. 35 శాతం బాగా కిందికి దిగుతుంది.

నెక్స్ట్ సంగతి అడిగారు కాబట్టి: 1988 నాటి ఆ మెషీన్‌లో ప్రధాన ప్రాసెసర్ 25 మెగాహెర్ట్జ్ 68030. శబ్దం కోసం విడిగా మోటరోలా 56001 అనే డీఎస్‌పీ (ఇలాంటి లెక్కలకే చేసిన) చిప్పు ఉండేది. రెండు క్లాకులకు ఒక ఆదేశం చొప్పున అది సెకనుకు కోటీ 25 లక్షల ఆదేశాలు చేసేది, అంటే శాంపిల్‌కు 283. సంఖ్య చిన్నదే గానీ ఆ చిప్పు చేతిని పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. షెడ్యూలర్ లేదు, డిస్కు లేదు, ఎక్స్ సర్వర్ లేదు. అందుకే అది తెగకుండా మోగేది. బదులుగా 24 బిట్ల పూర్ణ సంఖ్యలతో, పొంగిపోకుండా చూసుకుంటూ అసెంబ్లీ రాయాలి. సన్ స్పార్క్‌స్టేషన్ 1 గురించి ఎక్కువ చెప్పను. దాని ఆడియో 8 కిలోహెర్ట్జ్, 8 బిట్లు, టెలిఫోన్ నాణ్యత. దాని మీద తంబుర వద్దు.

ఇక మీ రెండో జబ్బుకు వద్దాం. అసలు నేను ఈ సమాధానం రాయడానికి కూర్చున్నది దాని కోసమే. మీటని తీగ ఉన్నప్పుడు రెండు నిమిషాల తర్వాత గరగర. పని ఎక్కువైనప్పుడు తెగితే అర్థముంది, నిశ్శబ్దంలో తెగడమేమిటి?

మీ ప్రోగ్రాంలో తీగ మోడల్ ఒక వలయం: డిలే లైన్ అనే శాంపిళ్ల వరుస చివర వచ్చిన విలువ మళ్లీ దాని మొదట్లోకి పోతుంది. అందులో తిరిగే విలువలు ప్రతి చుట్టుకూ కొంచెం తగ్గుతాయి. మీ తీగ 10 సెకన్లకు 60 డెసిబెల్స్ తగ్గుతుందనుకుందాం. వినడానికి 20 సెకన్లలో ఆగిపోయినట్టే. కానీ లెక్కలో అది సున్నా కాదు, ఇంకా చిన్నదవుతూనే ఉంటుంది. 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్‌లో (దశాంశ సంఖ్యలు దాచే పద్ధతిలో) మామూలు సంఖ్యలకు కింది హద్దు దాదాపు 1.18ని 10 ఘాతం 38తో భాగించినంత. అంటే సుమారు 760 డెసిబెల్స్ కింద. 60కి 10 సెకన్లైతే 760కి దాదాపు 127 సెకన్లు. మీ రెండు నిమిషాలు సరిగ్గా అవే! ఆ హద్దు దాటిన సంఖ్యలను డీనార్మల్ సంఖ్యలంటారు. మీ ఆర్4600, అంటే ఎంఐపీఎస్ జాతి ప్రాసెసర్, వాటిని హార్డ్‌వేర్‌లో చేయదు. ప్రతి గుణకారానికీ ఆగి, ఐరిక్స్ గుండె అయిన కెర్నెల్‌ను పిలిచి, సాఫ్ట్‌వేర్‌తో చేయిస్తుంది. కొద్ది సైకిళ్లలో అయ్యే పనికి వందలు, వేలు పడుతుంది. వినిపించని తీగ మోగుతున్న మూడు తీగల సమయాన్ని తినేస్తుంది. మళ్లీ మీటగానే సంఖ్యలు పెద్దవవుతాయి, అంతా సర్దుకుంటుంది.

మా ప్రయోగశాలలో దీన్ని కనుక్కోవడానికి మూడు వారాలు పట్టింది. ఒక విద్యార్థిని రచనలో చివరన పొడుగాటి నిశ్శబ్దం ఉంది, సరిగ్గా అక్కడే గరగర వచ్చేది. కేబుళ్లు మార్చాం, స్పీకర్లు మార్చాం, మెమరీ చిప్పులు మార్చాం. చివరికి టైమ్ కమాండ్‌తో చూస్తే యూజర్ సమయం (ప్రోగ్రాం సొంత లెక్కలది) కంటే సిస్టమ్ సమయం (కెర్నెల్‌ది) ఎక్కువుంది. లెక్కలు తప్ప ఇంకేమీ చేయని ప్రోగ్రాంకు కెర్నెల్‌లో అంత పనేమిటి? ఆ ప్రశ్న వేసుకున్న సాయంత్రమే జవాబు దొరికింది. మీరూ అలాగే చూడండి. గరగర మొదలైనప్పుడు సీపీయూ వాడకాన్ని చూపించే జీఆర్ ఆస్‌వ్యూలో సిస్టమ్ భాగం ఒక్కసారిగా లేస్తే రోగం ఖాయం.

మందు రెండు రకాలు. ఆర్4000 నుంచి వచ్చిన ప్రాసెసర్లలో ఫ్లోటింగ్ పాయింట్ కంట్రోల్ రిజిస్టర్‌లో ఫ్లష్ అనే బిట్ ఉంది. అది వేస్తే ఇలాంటి ఫలితాలను నేరుగా సున్నా చేస్తుంది. సిస్ కింద ఎఫ్‌పీయూ హెడర్‌లో ఆ రిజిస్టర్‌ను చదివే, రాసే ఫంక్షన్లున్నాయి. ప్రోగ్రాం మొదట్లో, శబ్దం లెక్కగట్టే ప్రాసెస్‌లోనే వేయాలి. రెండో పద్ధతి ఏ మెషీన్ మీదైనా పనిచేస్తుంది, పాత ఆర్3000 ఇండిగో మీద కూడా. వలయంలోకి ప్రతి శాంపిల్‌కూ 10 ఘాతం మైనస్ 18 అంత చిన్న సంఖ్య కలపండి. 16 బిట్ల శబ్దంలో అతి చిన్న మెట్టు 32,768లో ఒక వంతు, దాని ముందు ఇది లేనట్టే. కానీ తీగను డీనార్మల్ లోయలో పడనివ్వదు. నేను రెండూ పెడతాను.

క్యాష్ (ప్రాసెసర్ దగ్గరే ఉండే చిన్న, వేగమైన మెమరీ) గురించి కూడా ఒక మాట. ఆర్4600 లోపల డేటాకు 16 కిలోబైట్ల క్యాష్ ఉంది. ఇండీల్లో కొన్నిటికి బయట 512 కిలోబైట్ల రెండో క్యాష్ ఉంటుంది, కొన్నిటికి అసలుండదు. హిన్వ్ కమాండ్ కొడితే మీదేదో చెప్తుంది. లేని రకమైతే పట్టికల సైజు చూసుకోవాలి. మీరు 8,192 విలువల సైన్ పట్టిక వాడుతున్నారు. అది ఒక్కటే 32 కిలోబైట్లు, క్యాష్‌లో పట్టదు. 1,024 విలువలు పెట్టుకుని, మధ్య విలువలకు రెండు పక్కల మధ్య సరళరేఖ గీసినట్టు లెక్కగట్టండి. అది 4 కిలోబైట్లు. ఒకటో శ్రుతిలో మీ నాలుగు తీగల డిలే లైన్లు కలిపి దాదాపు 1,800 విలువలు, 7 కిలోబైట్ల పైచిలుకు. అన్నీ లోపల పడతాయి.

డిలే లైన్ల మాట వచ్చింది కాబట్టి శ్రుతి గురించి చెప్పకుండా ఉండలేను. మీరు వాడుతున్న కార్‌ప్లస్–స్ట్రాంగ్ పద్ధతి 1983లో ప్రచురితమైంది. నాయిస్‌తో (ఇష్టమొచ్చినట్టు పడిన సంఖ్యలతో) నింపిన డిలే లైన్, పక్కపక్క శాంపిళ్ల సగటు, అంతే. దాని శ్రుతి శాంపిళ్ల వేగాన్ని డిలే పొడవుకు అర కలిపిన దాంతో భాగిస్తే వస్తుంది. ఒకటో శ్రుతిలో సారణి, అంటే షడ్జమం తీగ, 130.81 హెర్ట్జ్ కావాలంటే పొడవు 336.63 ఉండాలి. పూర్ణ సంఖ్యే కాబట్టి 337 పెట్టారు. దాదాపు 2 సెంట్లు (పన్నెండు స్వరస్థానాల్లో ఒక మెట్టుకు 100 సెంట్లు) తక్కువ, ఎవరికీ తెలియదు. మంద్ర పంచమానికి అదృష్టవశాత్తూ 449 దాదాపు అచ్చంగా కుదురుతుంది. అందుకే మీకు ఒకటో శ్రుతిలో బాగుంది, వేరే శ్రుతికి మారిస్తే పంచమం ‘కలవడం లేదు’. పైకి పోయేకొద్దీ తప్పు పెరుగుతుంది. 523 హెర్ట్జ్ దగ్గర పొడవు 84 మాత్రమే, ఒక్క శాంపిల్ తేడా అంటే దాదాపు 20 సెంట్లు. మన ప్రమాణ శ్రుతి, అంటే 81/80, 21.5 సెంట్లు. ఒక శ్రుతంత తప్పుతో తంబుర మోగితే ఎవరు పాడతారు? దీనికి డేవిడ్ జాఫే, జూలియస్ స్మిత్ అదే 1983లో దారి చూపించారు. వలయంలో ఒక చిన్న ఆల్‌పాస్ ఫిల్టర్ (బిగ్గరతనం మార్చకుండా ఆలస్యం మాత్రమే ఇచ్చేది) పెడితే మిగిలిన భిన్నం అంత ఆలస్యం దొరుకుతుంది. ఒక గుణకారం, రెండు కూడికలు. ఖర్చు లెక్కలోకి రాదు. ఇది తప్పకుండా చేయండి. మరో చిన్న విషయం, మీటేటప్పుడు నింపే నాయిస్‌లోంచి దాని సగటును తీసేయండి. లేకపోతే వలయంలో ఆ సగటు చాలాసేపు నిలిచి శబ్దాన్ని ఒక పక్కకు నెడుతుంది.

‘జీవా రావడం లేదు, గిటార్‌లా ఉంది’ అన్నారు. జీవా అంటే తంబుర తీగ ఝుమ్మని మెరిసే ఆ నాదం. నిజమే, ఈ మోడల్‌కు జీవా రాదు. ఇందులో పై హార్మోనిక్స్ (మూల స్వరానికి రెట్లుగా మోగే స్వరాలు) ముందుగా చనిపోతాయి. తంబురలో తీగ కింద నూలుపోగు సరిగ్గా కూర్చుంటే అవి మీటిన తర్వాత లేచి, ఒకదాని వెనక ఒకటి మెరుస్తాయి. వంపు తిరిగిన గుర్రం (బ్రిడ్జి) మీద తీగ ఆనుతూ విడుస్తూ ఉండటమే దానికి కారణం. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లోనే మన తీగ వాద్యాల మీద రాస్తూ, ఏ బిందువు దగ్గర మీటితే ఏ హార్మోనిక్ రాకూడదో అది కూడా తంబురలో బలంగా వినిపిస్తుందని గమనించారు. ఆ ఆనడాన్ని నిజంగా లెక్కగట్టడం మీ మెషీన్‌కు బరువు. కానీ ఫ్రెంచ్ స్వరకర్త జాన్ క్లోడ్ రిస్సే వాడిన ఒక ఉపాయం ఉంది. ఒకే తరంగాన్ని తొమ్మిది ఆసిలేటర్లతో మోగించండి, ఒక్కోదానికీ పక్కదానికీ 0.03 హెర్ట్జ్ తేడా పెట్టండి. మూల స్వరం 33 సెకన్లకోసారి కలుస్తుంది, ఐదో హార్మోనిక్ దాదాపు 6.7 సెకన్లకు, పదోది 3.3 సెకన్లకు. ఒక్కో హార్మోనిక్ ఒక్కో సమయంలో వెలిగి ఆరుతుంటుంది. చెవికి అది జీవాకు చాలా దగ్గరగా తగులుతుంది. కింది మూడు హార్మోనిక్స్‌ను తీగ మోడల్‌కు వదిలేసి, నాలుగు నుంచి పైవాటినే ఈ ఆసిలేటర్ల పట్టికలో పెట్టండి. మీటిన ప్రతిసారీ తొమ్మిదింటినీ ఒకే దశ నుంచి మొదలుపెట్టండి.

ఖర్చు చూద్దాం. నాలుగు తీగలకు 36 ఆసిలేటర్లు. ఒక్కోదానికి శాంపిల్‌కు 30 సైకిళ్లనుకుంటే 1,080. మీకున్నవి 3,015. సరిపోతుంది. ఇదే 33 మెగాహెర్ట్జ్ ఇండిగో అయితే శాంపిల్‌కు 748 సైకిళ్లే, అక్కడ పనికి రాదు. వేగాన్ని 22,050కి దించితే మీ ఖర్చు సగమవుతుంది. 11 కిలోహెర్ట్జ్ వరకు వినిపిస్తుంది, తంబురకు అది చాలు. అప్పుడు డిలే పొడవులు సగమవుతాయి కాబట్టి ఆల్‌పాస్ అవసరం ఇంకా పెరుగుతుంది.

విండోను, శబ్దాన్ని ఒకే ప్రాసెస్‌లో పెట్టకండి. ఎస్‌ప్రాక్ అనే కాల్‌తో మెమరీ పంచుకునే రెండో ప్రాసెస్ తెరిచి, శబ్దం దాంట్లో నడపండి. తగ్గని ప్రాధాన్యం దానికి మాత్రమే ఇవ్వండి. విండో ప్రాసెస్ శ్రుతి విలువను ఒక చోట రాస్తే శబ్దం ప్రాసెస్ 64 శాంపిళ్లకోసారి దాన్ని చదువుకుంటుంది. శబ్దం ప్రాసెస్‌లో ప్రింట్‌ఎఫ్ (తెర మీద రాయడం) వద్దు, మాలాక్ (కొత్తగా మెమరీ అడగడం) వద్దు, ఫైలు తెరవడం వద్దు. పరీక్ష కోసం వేసిన ఒక్క ప్రింట్‌ఎఫ్ వల్ల వారం పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

 

ఈ వారం వరుసగా ఇలా చేయండి. ముందు ఫ్లష్ బిట్ వేసి, ఒక తీగ మీటకుండా వదిలి, గడియారం పెట్టుకుని నాలుగు నిమిషాలు వినండి. గరగర పోతే రెండో జబ్బు తీరినట్టే. తర్వాత క్యూ 4,096 కాలానికి పెంచండి, స్టీరియో సంగతి గుర్తుంచుకుని. ఆ తర్వాత ప్లాక్, ఆ తర్వాత ఎన్‌ప్రి. ఒక్కోటి పెట్టాక విండోను ఒక నిమిషం అటూ ఇటూ లాగి ఎన్ని టిక్కులొచ్చాయో కాగితం మీద రాసుకోండి. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు. ఆ అంకెలు, హిన్వ్ చూపించిన క్యాష్ వివరాలు ఇక్కడ పెడితే జీవా ఆసిలేటర్ల లోపలి లూప్‌ను కలిసి చూద్దాం.